అమ్మ ఎవరి వంతు?

ముసలి తల్లిదండ్రుల సేవ గురించి గురుద్వారాలో ఎన్నోసార్లు విన్నాం. ఆ సేవ గొప్పదని మళ్ళీ చెప్పడానికి ఈ చిన్న పుస్తకం రాయడం లేదు. అది మనకందరికీ తెలుసు. తెలిసి కూడా ఇళ్ళల్లో తగవులు ఎందుకు వస్తున్నాయి? వచ్చినప్పుడు బయటివాళ్ళను, అందులోనూ ఆ పని నేర్చుకున్న ఒక మధ్యవర్తిని, అన్నదమ్ముల మధ్య కూర్చోబెట్టడం తప్పా, ధర్మమా? ఈ ప్రశ్నను ఈరోజు మనం కలిసి ఆలోచిద్దాం.

ముప్ఫై ఒకటో తారీకు

సూరత్‌లో ఉధ్నా వైపు ఉండే మన కుటుంబం ఒకటి. పేర్లు చెప్పం. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాం కూడా. తండ్రి కొలిమి పని చేసి, పెనాలు, బాణళ్ళు, తాళాలు అమ్మి పిల్లల్ని పెంచాడు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. తల్లికి డెబ్బై దాటాయి. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. కూతుర్ని నిజామాబాద్‌లో ఇచ్చారు.

కొడుకులు తల్లిని నెలకొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. ఒకటో తారీకు పొద్దున్నే ఆమె ఒక గుడ్డసంచిలో రెండు జతల బట్టలు, గుట్కా సాహిబ్, బీపీ మాత్రలు సర్దుకొని ఒక కొడుకు గదినుంచి ఇంకో కొడుకు గదికి నడిచి వెళ్ళేది. అలా రెండేళ్ళు నడిచింది. తగవు ఎక్కడ వచ్చిందంటే, ముప్ఫై ఒకటో తారీకు దగ్గర వచ్చింది. "నెలంటే ముప్ఫై రోజులు. ఆ పైన ఒక్క రోజు నా లెక్కలో ఎందుకు వేస్తారు?" అని పెద్దవాడు. "ఫిబ్రవరి వచ్చినవాడికి రెండు రోజులు మిగిలాయి కదా, దానికేమంటావు?" అని చిన్నవాడు. మాటకు మాట పెరిగింది. ఒక ముప్ఫై ఒకటో తారీకు సాయంత్రం ఆమె సంచి పట్టుకొని వచ్చి గురుద్వారా మెట్ల మీద కూర్చుంది. ఎవరినీ ఏమీ అనలేదు. లంగర్‌లో రెండు రొట్టెలు తిని, "ఈ రాత్రికి ఇక్కడే పడుకుంటాను నాయనా, రేపటికి లెక్క సరిపోతుంది" అంది.

సంగత్ జీ, ఆ మాట విన్నప్పుడు మేము అక్కడే ఉన్నాం.

మేము చేసిన పొరపాటు

ఆ ఆదివారం దీవాన్ అయ్యాక ముగ్గురు కొడుకుల్నీ పిలిచాం. చుట్టూ ఇరవైమంది పెద్దలు కూర్చున్నారు. మేము గట్టిగానే చెప్పాం. గురు రామ్‌దాస్ జీ సారంగ్ రాగంలోని తన శబదులో, కన్న తండ్రితో కొడుకు తగవు పడకూడదని, ఏ ధనాన్ని చూసి గర్వపడతాడో ఆ ధనం ఎవరి దగ్గరా నిలవదని బోధించారని గుర్తుచేశాం. భాయీ గురుదాస్ జీ ముప్ఫై ఏడో వార్‌లో, తల్లిదండ్రుల్ని వదిలినవాడు ఎన్ని గ్రంథాలు విన్నా, ఎన్ని తీర్థాలు తిరిగినా ఫలం లేదని చెప్పిన సంగతి వివరించాం. కొడుకులు ఏడ్చారు. తల్లి కాళ్ళకు మొక్కారు. అర్దాస్ చేశాం, కడాహ్ ప్రసాద్ పంచుకున్నాం. కథ ముగిసిందనుకున్నాం.

మూడు వారాలు తిరగకముందే ఆమె మళ్ళీ మెట్ల మీద కనిపించింది.

అప్పుడు మేము ఆలోచనలో పడ్డాం. గురువాక్కులో లోపం ఉండదు. లోపం మేము దాన్ని వాడిన తీరులో ఉంది. తల్లిని చూసుకోవాలని తెలియక ఆ ముగ్గురూ గొడవపడటం లేదు. ఎలా చూసుకోవాలో తేలక గొడవపడుతున్నారు. మేము తెలిసినదాన్నే మళ్ళీ చెప్పాం, తేలనిదాన్ని అలాగే వదిలేశాం. ఇంకో సంగతి కూడా తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు రెండు గంటలసేపు ఆ తల్లి గురించి మాట్లాడాం. ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. "అమ్మా, నీకేం కావాలి?" అని ఇరవైమందిలో ఒక్కరూ అడగలేదు. కోడళ్ళు వెనక వరుసలో తల మీద చున్నీ సర్దుకుంటూ కూర్చున్నారు. వాళ్ళనూ అడగలేదు.

మధ్యవర్తి పని ఏమిటి?

కూతురు నిజామాబాద్‌ నుంచి ఫోన్ చేసి, "పంచాయితీ చాలు. ఎవరైనా తెలిసినవాళ్ళను కూర్చోబెట్టండి" అని పట్టుబట్టింది. సూరత్ కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్ళి అడిగాం. కేసు వేయకముందే రాజీ మాట్లాడే ఏర్పాటు ఉందని అక్కడే తెలిసింది.

పంచాయితీ పెద్ద వేరు, జడ్జి వేరు, మధ్యవర్తి వేరు. పంచాయితీ పెద్ద తప్పెవరిదో తేల్చి, మందలించి, జరిమానా వేస్తాడు. జడ్జి చట్టం చూసి తీర్పు చెబుతాడు. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నప్పుడే కూర్చుంటాడు. ఎవరైనా మధ్యలో లేచిపోవచ్చు. అక్కడ మాట్లాడుకున్నది బయటికి పోదు. రాజీ కుదరకపోయినా, ఆ గదిలో అన్న మాటను రేపు కోర్టులో సాక్ష్యంగా తీసుకురాకూడదు. పరిష్కారం ఆ ఇంటివాళ్ళ నోటినుంచే రావాలి.

ఇది అల్లాటప్పాగా చేసే పని కాదు, నేర్చుకొని చేసే పని. మన గుజరాత్‌లోనే 2002 జూలైలో అహ్మదాబాద్ మధ్యవర్తిత్వ కేంద్రం మొదలైంది. 2005లో సుప్రీంకోర్టు ఈ పనికోసం ఒక కమిటీని ఏర్పాటు చేసింది. కోర్టు మధ్యవర్తులకు 40 గంటల శిక్షణ ఆ కమిటీ పెట్టిన పద్ధతే. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఒక పేటలోని కుటుంబాల శాంతికి సంబంధించిన తగాదాలను, అందరి సమ్మతితో, ముగ్గురు మధ్యవర్తుల బృందం ముందు పరిష్కరించుకునే పద్ధతి కూడా అందులో రాశారు. ఆ చట్టంలోని భాగాలన్నీ ఒకేసారి అమలులోకి రాలేదు కాబట్టి, ఏది అమలులో ఉందో న్యాయ సేవాధికార సంస్థలో అడిగి తెలుసుకోవాలి.

సిక్లీగర్ అన్న మన పేరు ఫార్సీ మాటనుంచి వచ్చింది. ఆయుధానికి మెరుగుపెట్టేవాడని దాని అర్థం. మెరుగుపెట్టేవాడు కత్తికి కొత్త ఇనుము చేర్చడు. ఉన్న ఇనుము మీది తుప్పును తీస్తాడు. మంచి మధ్యవర్తి పనీ అలాంటిదే. ప్రేమను అతను బయటనుంచి తేలేడు. ఉన్న ప్రేమకు అడ్డుపడుతున్నదాన్ని తీస్తాడు.

ఆమెను ముందు అడిగారు

మాకు దొరికిన మధ్యవర్తి ఒక గుజరాతీ మహిళ. ఆమెకు గుజరాతీ, హిందీ వచ్చు. తల్లికి తెలుగు, మన ఇంటి బోలీ తప్ప వేరే భాష సరిగ్గా రాదు. అందుకని మాలో ఒకరం మాట మార్చి చెప్పడానికి కూర్చున్నాం. మొదటే ఆవిడ మాకు ఒక షరతు పెట్టారు. "ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పండి. మీరేమీ కలపొద్దు, ఏమీ తీయొద్దు." వినడానికి తేలికే. చేస్తుంటే తెలిసింది, ప్రతి మాట చివరా ఒక ఉపదేశం తగిలించాలని మన నాలుక ఎంత తహతహలాడుతుందో!

ఆవిడ కొడుకులతో మొదలుపెట్టలేదు. అందర్నీ బయట కూర్చోబెట్టి, తల్లిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, "బా, మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని అడిగారు. గుజరాతీలో తల్లిని, పెద్దావిడను 'బా' అంటారు.

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నా పెట్టె ఎక్కడుంటే నేను అక్కడుండాలి."

మాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే చెప్పింది. ఆమెకు ఒక ట్రంకు పెట్టె ఉంది. దానికి వేసిన తాళం ఆమె భర్త తన చేత్తో చేసినది. రెండో కొడుకు గది కింది అంతస్తులో ఉంటుంది కాబట్టి పెట్టె అక్కడ పెట్టారు. మనిషేమో ముగ్గురి ఇళ్ళూ తిరుగుతోంది. చలికాలంలో శాలువా కావాలంటే రెండో ఇంటికి వెళ్ళి అడగాలి. "రెండేళ్ళుగా నేను చుట్టాల్లా బతుకుతున్నాను. కొడుకులు మంచివాళ్ళే. కానీ చుట్టానికి ఏది కావాలన్నా అడగాలి కదా" అంది.

ముగ్గురు కొడుకులూ తల్లిని సమానంగా పంచుకోవడమే న్యాయమనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం. ఆ న్యాయం అన్నదమ్ముల మధ్య న్యాయమే కానీ, తల్లికి న్యాయం కాదు. మూడు కొలిమిలకు ఒకటే సమ్మెట ఉంటే వంతులవారీగా తిప్పుకుంటారు. తల్లి సమ్మెట కాదు. ఈ చిన్న సంగతి ఇరవైమంది పెద్దలకు, గురుద్వారాలో సేవచేసే మాకు తట్టలేదు. అడిగినవాళ్ళకు తెలిసింది.

తర్వాత ఆవిడ ముగ్గురు కొడుకులతో, ముగ్గురు కోడళ్ళతో, ఫోన్‌లో కూతురితో విడివిడిగా మాట్లాడారు. ఎవరికీ సుద్దులు చెప్పలేదు. చిన్న చిన్న ప్రశ్నలు అడిగారు. రాత్రి ఆమె బాత్రూంకి లేస్తే ఎవరు లేస్తారు? మందులు ఎవరు తెస్తారు, ఎంతవుతుంది? పింఛను డబ్బు ఎవరి చేతికి వెళుతుంది? ఇంట్లో ఎన్ని మంచాలున్నాయి? పెద్దకొడుకు ఒక్క రోజు లెక్క దగ్గర ఎందుకు అంత మొండికేశాడో అప్పుడు బయటపడింది. ఆరు నెలలుగా అతనికి పని లేదు. వడ్డీకి అప్పు తెచ్చాడు. తమ్ముళ్ళ ముందు ఆ మాట చెప్పుకోలేక, తారీకుల లెక్క పట్టుకున్నాడు. పంచాయితీలో ఇరవైమంది ముందు ఆ మాట అతని నోటినుంచి ఎలా వస్తుంది?

మూడుసార్లు కూర్చున్నాక ఒక కాగితం రాసుకున్నారు. తల్లి రెండో కొడుకు దగ్గరే, తన పెట్టె దగ్గరే ఉంటుంది. చిన్నవాడు మందుల ఖర్చు చూస్తాడు. పెద్దవాడికి పని దొరికేదాకా డబ్బు అడగరు. ఆసుపత్రికి తీసుకెళ్ళే పని అతనిది. రెండో కోడలికి నెలలో నాలుగు రోజులు పూర్తిగా విరామం. ఆ రోజుల్లో మిగిలిన ఇద్దరు కోడళ్ళు వచ్చి చూస్తారు. తల్లి ఎక్కడికీ వెళ్ళదు. పింఛను పాసుబుక్కు ఆమె పెట్టెలోనే ఉంటుంది. కూతురు ఏడాదికి రెండుసార్లు వచ్చి పదేసి రోజులు ఉంటుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ కూర్చొని చూసుకోవాలి.

అంతా సవ్యంగా జరిగిపోయిందని మేము చెప్పం. చిన్నవాడు రెండు నెలలు మందుల డబ్బు ఎగ్గొట్టాడు. మళ్ళీ కూర్చున్నారు, మాట్లాడుకున్నారు. కానీ ఆమె సంచి పట్టుకొని మెట్ల మీదికి రావడం ఆగిపోయింది.

"ఇంటి గుట్టు లంకకు చేటు కదా?"

ఈ సంగతి సంగత్‌లో మాట్లాడినప్పుడు పెద్దలు రెండు అభ్యంతరాలు చెప్పారు. రెండూ తేలికగా తీసిపారేయాల్సినవి కావు.

మొదటిది, ఇంటి గుట్టు. విభీషణుడు గుట్టు చెబితే లంక కాలిందంటారు. మన తగవు ఒక గుజరాతీ ఆవిడ ముందు, ఆఫీసులో పెట్టుకోవడం పరువు తక్కువ కాదా? ఆలోచించండి సంగత్ జీ. మన గదులు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. గోడకు అవతల ఎవరు అరిచినా ఇవతల వినిపిస్తుంది. గల్లీకంతా తెలిసిన సంగతిని గుట్టు అని ఎలా అంటాం? పంచాయితీలో ఇరవైమంది విన్నారు, సాయంత్రానికి రెండొందల మందికి తెలిసింది. ఆ గదిలో మాట్లాడిన సంగతి ఈరోజుకీ బయటికి రాలేదు. పెద్దకొడుకు, ఆ కుటుంబమంతా ఒప్పుకున్నాకే, వివరాలు మార్చి ఇక్కడ రాశాం. గుట్టును దాచే బాధ్యత ఎవరికి ఉందో వాళ్ళ దగ్గర చెప్పుకోవడం పరువు తక్కువ కాదు.

ఇంట్లో తగవు రావడమే సిగ్గుచేటని కూడా అనుకోవద్దు. 1581లో గురు రామ్‌దాస్ జీ గురుగద్దీని తన చిన్న కుమారుడు అర్జన్ దేవ్ జీకి ఇచ్చినప్పుడు, పెద్ద కుమారుడు పృథీచంద్ ఒప్పుకోలేదు. ఆ వైరం ఎన్నో ఏళ్ళు నడిచింది. గురువుగారి ఇంట్లోనే అన్నదమ్ముల తగవు వచ్చింది. తగవు వచ్చిందని ఆ ఇల్లు తక్కువైందా? తగవు వచ్చినప్పుడు ఎవరెలా నడుచుకున్నారన్నదే చరిత్ర చూస్తుంది.

"సేవకు లెక్క కడతారా?"

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. ఒక వృద్ధ గ్రంథీ జీ అన్నారు: "సేవ అంటే నిష్కామంగా చేసేది. కాగితం మీద రాసి సంతకం పెట్టి చేస్తే అది కూలిపని అవుతుంది, సేవ ఎలా అవుతుంది?"

మేము దీని గురించి చాలా రోజులు ఆలోచించాం. మాకు దొరికిన జవాబు లంగర్‌లోనే ఉంది. ఖడూర్‌లో గురు అంగద్ జీ కాలంలో లంగర్ సేవను మాతా ఖీవీ జీ నడిపారు. గురు గ్రంథ్ సాహిబ్‌లోని రామ్‌కలీ వార్‌లో ఆమె పేరు ఉంది. ఆ సేవ ఈనాటికీ మన గురుద్వారాలో జరుగుతోంది. పిండి ఎవరు కలుపుతారు, పప్పు ఎవరు వండుతారు, జోడా ఘర్‌లో ఎవరు, పాత్రలు కడగడం ఎవరు అని గోడమీద పట్టిక రాసి పెడతాం. పట్టిక ఉంది కాబట్టి అది సేవ కాదని ఎవరైనా అన్నారా? పట్టిక లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. వెనక్కి తగ్గేవాళ్ళు తగ్గుతారు, భారమంతా ఇద్దరు ముగ్గురి మీద పడుతుంది. వాళ్ళు మొదట నవ్వుతూ చేస్తారు, తర్వాత మాట్లాడకుండా చేస్తారు, చివరికి శపిస్తూ చేస్తారు.

ప్రేమను పంచలేం. పనిని పంచాలి. ఇది మేము ఈ సంగతినుంచి నేర్చుకున్న ముఖ్యమైన మాట. పనిని నిజాయితీగా పంచనిచోట ప్రేమే మొదట అరిగిపోతుంది. కాగితం మీద రాసుకున్నది సేవ కాదు, నిజమే. సేవకు చోటు చేసే ఏర్పాటు అది. నాలుగు రోజులు విరామం దొరికిన కోడలు ఐదో రోజు అత్తగారి కాళ్ళకు నూనె రాస్తుంది చూడండి, అది కాగితంలో లేదు. ఆ నూనె రాయడమే సేవ.

కోడలి మాట

ఇక్కడ మనం మన తప్పొకటి ఒప్పుకోవాలి. "కొడుకు తల్లిని చూసుకుంటున్నాడు" అని మనం అంటాం. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, రాత్రి లేచేది ఎవరు? కోడలు. మెచ్చుకోలు కొడుక్కి, నింద కోడలికి. పంచాయితీలో ఆమెకు మాట లేదు.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని చూడండి. పోషణ బాధ్యత కొడుకు, కూతురు, యుక్తవయసు వచ్చిన మనవలు, మనవరాళ్ళ మీద పెట్టింది. ఆ నిర్వచనంలో కోడలి పేరు లేదు. కూతురి పేరు ఉంది. మన ఇళ్ళల్లో అంతా తలకిందులుగా ఉంది. కోడలికి బాధ్యత మొత్తం, హక్కు సున్నా. కూతురికి ప్రేమ మొత్తం, బాధ్యత అడగం. కూతుర్ని కూడా ఆ కూర్చున్న చోటికి పిలవాలి. కోడల్ని ముందు వరుసలో కూర్చోబెట్టాలి. మన గురువులు సంగత్‌లో, పంగత్‌లో ఎక్కువ తక్కువలు తీసేశారు. తగవు తీర్చేచోట మళ్ళీ వాటిని ఎందుకు పెడుతున్నాం?

పెద్దవాళ్ళ తప్పులూ ఉంటాయి. ఒక కొడుకును నెత్తిన పెట్టుకొని ఇంకొకణ్ణి చిన్నచూపు చూసిన తండ్రి ఉంటాడు. తాగి కొట్టిన తండ్రి ఉంటాడు. కోడల్ని ఇరవై ఏళ్ళు మాటలతో పొడిచిన అత్త ఉంటుంది. వాళ్ళకు అన్నం పెట్టే బాధ్యత వాళ్ళ మంచితనాన్ని బట్టి ఉండదు, అది నిజం. కానీ ఆ పాత గాయాన్ని ఎక్కడో ఒకచోట చెప్పుకోనివ్వాలి. చెప్పుకోనివ్వకుండా "సేవ చెయ్యి" అంటే, ఆ గాయం కంచం విసురుగా పెట్టే చేతిలో బయటపడుతుంది.

మధ్యవర్తి పనికిరాని చోటు

ఇంతసేపు మధ్యవర్తి గురించి మంచి చెప్పాం. ఇప్పుడు హద్దు కూడా చెప్పాలి.

మధ్యవర్తి ఎవరి పక్షం వహించకుండా మధ్యలో కూర్చుంటాడు. ఇద్దరూ "వద్దు" అని చెప్పగలిగిన స్థితిలో ఉన్నప్పుడే అది న్యాయం. తల్లిని కొడుతున్నప్పుడు, అన్నం, మందులు ఆపేసినప్పుడు, గదిలో పెట్టి తాళం వేసినప్పుడు, బెదిరించి కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నప్పుడు మధ్యలో కూర్చోవడమంటే బలవంతుడి పక్కన కూర్చోవడమే. సాయంత్రం అదే కొడుకుతో అదే గదికి వెళ్ళాల్సిన తల్లి అతని ముందు నిజం ఎలా చెబుతుంది? అక్కడ రాజీ మాట ఎత్తకూడదు. ముందు ఆమెను కాపాడాలి. పోలీసులకు 112కు ఫోన్ చేయాలి. వయోవృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోన్ నంబరు దేశమంతటా ఉంది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. తల్లిదండ్రుల్ని దిక్కులేకుండా వదిలేయడం 2007 చట్టం ప్రకారం నేరం. మూడు నెలల జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మన బిరాదరీ పరువు కోసం ఇలాంటివి కప్పిపుచ్చితే, ఆ పాపంలో మనకూ వాటా ఉంటుంది.

చట్టం తెరిచి ఉంచిన తలుపులు

తెలుసుకోవాల్సిన కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాం. ఇంట్లో చదువుకున్న పిల్లలతో చదివించుకోండి.

ఒకటి. పోషణ కోసం తల్లి గానీ తండ్రి గానీ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సబ్ డివిజనల్ స్థాయి అధికారి దీనికి అధ్యక్షత వహిస్తారు. గుజరాత్‌లో ఆయన్ని ప్రాంత్ ఆఫీసర్ అంటారు. వకీలు లేకుండానే దరఖాస్తు ఇవ్వవచ్చు. తాము వెళ్ళలేని స్థితిలో ఉంటే, తమ తరఫున ఇంకొకరికి గానీ, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థకు గానీ ఆ పని అప్పగించవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. తప్పనిసరైతే ఒక్కసారి 30 రోజులు పొడిగించవచ్చు. నెలకు ఇప్పించే మొత్తం 10,000 రూపాయలకు మించకుండా ఆ చట్టం హద్దు పెట్టింది.

రెండు. విచారణకు ముందు ట్రిబ్యునల్ ఆ సంగతిని ఒక రాజీ అధికారికి పంపవచ్చు. ఆయన ఒక నెలలో తన నివేదిక ఇవ్వాలి. రాజీ కుదిరితే దాన్నే ట్రిబ్యునల్ ఉత్తర్వుగా ఇస్తుంది. గమనించండి, ఆ రాజీ అధికారి ప్రభుత్వ ఉద్యోగే కానక్కర్లేదు. రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి కూడా కావచ్చు. అంటే మన యువకులు, ముఖ్యంగా చదువుకున్న ఆడపిల్లలు, ఈ పని నేర్చుకుంటే రేపు మన భాషలో మన ఇళ్ళ తగవులు వినేవాళ్ళు మనలోనే ఉంటారు.

మూడు. ఇల్లు, స్థలం పిల్లల పేర రాసేటప్పుడు, తమను చూసుకోవాలన్న షరతును ఆ కాగితంలోనే రాయించాలి. చూసుకోకపోతే ఆ రాతను రద్దు చేయమని అడిగే హక్కు 2007 చట్టంలోని 23వ సెక్షన్ ఇస్తుంది. అలాంటి షరతు ఉన్నట్టు చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో, మధ్యప్రదేశ్‌లో కొడుకు పేర ఆస్తి రాసిన ఒక తల్లి కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పి, ఆ దానపత్రం రద్దును నిలబెట్టింది. నమ్మకం లేక షరతు రాయించడం కాదిది. రేపు కొడుకు మనసు మారినా, కొడుకు తర్వాత ఇల్లు ఇంకొకరి చేతికి వెళ్ళినా తల్లికి నీడ ఉండాలని.

నాలుగు. ఆడవాళ్ళకు, వాళ్ళ ఆదాయం ఎంతైనా, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. ఫోన్ నంబరు 15100.

సంగత్ ఏం చేయాలి?

ఇంత చెప్పాక, సంగత్‌కు ఇక పని లేదా? ఉంది. మధ్యవర్తి మూడుసార్లు కూర్చొని వెళ్ళిపోతారు. ఆ కుటుంబం మన మధ్యనే ఉంటుంది.

తగవు మన దగ్గరికి వచ్చినప్పుడు, తీర్పు చెప్పే ముందు ముసలివాళ్ళను ఒంటరిగా, వాళ్ళ భాషలో అడుగుదాం. మతిమరుపు జబ్బు వచ్చి చెప్పలేని స్థితిలో ఉంటే, వాళ్ళు ఎప్పుడు శాంతంగా ఉంటారు, ఎక్కడ నిద్రపోతారు, ఎవరి చేతి ముద్ద తింటారు అని గమనిద్దాం. అదీ అడగడమే. కాగితం రాసుకున్నాక, మూడు నెలలకోసారి వెళ్ళి ఎలా ఉందో చూద్దాం. తల్లిని చూసుకునే కోడలికి విరామం ఇవ్వడానికి ఆ ఇంట్లో మనుషులు లేకపోతే, గురుద్వారాలో ఆ సేవకు కూడా పేర్లు రాసుకుందాం. లంగర్ పట్టిక పక్కనే ఇంకో పట్టిక పెట్టుకుంటే తప్పేముంది?

ఆ తల్లిని మొన్న కలిశాం. రెండో కొడుకు గదిలో కిటికీ కింద ఆమె మంచం, మంచం కింద ఆ ట్రంకు పెట్టె. తాళంచెవి మెడలో నల్లదారానికి కట్టుకుంది. "అమ్మా, ఈరోజు తారీకు ఎంత?" అని నవ్వుతూ అడిగాం. "నాకెందుకు నాయనా తారీకులు?" అంది.

మన ఇళ్ళల్లోని ప్రతి పెద్దప్రాణానికీ తారీకు చూడక్కర్లేని రోజులు రావాలని అర్దాస్ చేద్దాం. ఆ అర్దాస్‌కు తగిన పని కూడా చేద్దాం.

రాసినదాంట్లో తప్పొప్పులుంటే సంగత్ క్షమించాలి. భూల్ చూక్ మాఫ్.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతెహ్.